కారును ఎంత దించాలి?



ఈ వారం యతిభేదాలను గురించి వ్రాస్తానని క్రిందటి టపాలో మాట ఇచ్చాను. మాట తప్పుతున్నందుకు మన్నించండి. గత పదిహేను రోజులుగా మా ఇంట ఛందస్సుకు తావు లేకుండా పోయింది. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, టైర్లు, ఇవే సంభాషణ. ముప్పయ్యారేళ్ళు తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినవాడికి కారు క్రింద ఏమి పని అని మీరు అడగవచ్చు. మా మేనల్లుడూ అదే అడిగాడు. "మామయ్యా, మీకు గణాలు తెలుసు గాని గేర్లు తెలియవు. ఈ సంగతి నాకు వదిలేయండి" అన్నాడు. వదలలేను. ఎందుకు వదలలేనో, వాడూ వాడి మిత్రులూ ఎక్కడ పొరబడుతున్నారో, వాళ్ళను తిట్టిపోసే నా ఈడువాళ్ళు ఎక్కడ పొరబడుతున్నారో చెప్పడానికే ఈ టపా. కొంచెం కటువుగానే ఉంటుంది.

వాడు చెన్నైలో ఉద్యోగం చేస్తున్నాడు. 2018లో ఫోక్స్‌వాగన్ పోలో కొన్నాడు. వారమంతా ఆ కారులోనే ఆఫీసుకు పోతాడు. నెలకొకసారి మా అక్కను ఎక్కించుకొని, నెల్లూరు దారిలో జాతీయ రహదారి విడిచి 11 కిలోమీటర్లు లోపలికున్న మా ఊరికి వస్తాడు. ఏడాదికి మూడు నాలుగు మార్లు అదే కారును శ్రీపెరుంబుదూరు ప్రక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాసు మోటార్ రేస్ ట్రాక్‌కు తీసుకుపోయి, రుసుము చెల్లించి, ఒక పూట వేగంగా నడుపుకొని వస్తాడు. 1990 నుంచి ఉన్న ఆ ట్రాక్ పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు. దీని మీద నాకు ఆక్షేపణ లేదు. వేగం మీద మోజు ఉన్నవాడు దానిని పదిమంది నడిచే రోడ్డు మీద కాక కంచె లోపల తీర్చుకోవడం సంస్కారమే. చిక్కంతా ఒకే కారు రెండు పనులూ చేయవలసి రావడంలో ఉంది. ట్రాక్ మీద మాత్రమే పరుగెత్తి, ట్రెయిలర్ మీద ఎక్కి ఇంటికి వచ్చే కారయితే దానిని నేలకు అంటించుకున్నా నాకు అభ్యంతరం లేదు.

మాటలలో గందరగోళం ఉంటే వాదమంతా గందరగోళమే అవుతుంది కనుక రెండు పేర్లు స్థిరపరచుకుందాం. గ్రౌండ్ క్లియరెన్స్ అనేది కారు అడుగున అన్నిటికంటె క్రిందికి వ్రేలాడే భాగానికీ నేలకూ నడుమ ఉన్న ఎడము. దానిని 'నేల ఎడము' అంటాను. రైడ్ హైట్ అనేది స్ప్రింగుల మీద కారు శరీరం ఏ ఎత్తున నిలిచి ఉన్నదో ఆ కొలత. సాధారణంగా చక్రం నడిబొడ్డు నుంచి పైనున్న మడ్‌గార్డ్ అంచు వరకు కొలుస్తారు. దీనిని 'నిలకడ ఎత్తు' అంటాను. నిలకడ ఎత్తు తగ్గితే నేల ఎడము తగ్గుతుంది. కాని తగ్గేది అదొక్కటే కాదు. మా వాడి తరం మరచిపోతున్నది అక్కడే.

ముందుగా నా తప్పు ఒప్పుకుంటాను. 2019 చివరలో వాడు ఒక గ్యారేజీలో కారు స్ప్రింగులను గ్రైండరుతో ఒక్కొక్క చుట్టు కోయించి, కారును 50 మిల్లీమీటర్లు దించాడు. ఫొటో పంపాడు. చక్రానికీ మడ్‌గార్డ్‌కూ నడుమ వ్రేలు దూరదు. ఆ ఫొటో చూసి "యతి చక్కగా కుదిరిందిరా" అని మెచ్చుకున్నవాణ్ణి నేనే. చూపుకు బాగున్నది కనుక బాగున్నదని అన్నాను. పద్యం విషయంలో ఏ విద్యార్థి అయినా అలా అంటే అర్థం చెప్పమని నిలబెట్టేవాణ్ణి.

2020 సంక్రాంతికి రాత్రిపూట వస్తున్నారు. వాడు, మా అక్క, వాడి స్నేహితుడు, అతని భార్య, డిక్కీ నిండా సామాను. మా ఊరి బడి ముందు స్పీడ్ బ్రేకర్ ఉంది. దానికి తెల్ల చారలు ఎప్పుడో చెరిగిపోయాయి. ముందు చక్రాలు దాటి దిగగానే కారు ముక్కు క్రుంగి, ఇంజను క్రింది ఆయిల్ చాంబర్ ఆ దిమ్మెకు తగిలింది. చప్పుడు విన్నాడు. ఇల్లు ఇంకా రెండు కిలోమీటర్లే కదా అని ఆపలేదు. డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగేసరికి ఆయిల్ అంతా రోడ్డు పాలయింది. ఇంజను లోపలి బేరింగులు పోయాయి. ఖర్చు లక్ష దాటింది. మోకాళ్ళ నొప్పులున్న మా అక్క చలిలో గంటన్నర రోడ్డు ప్రక్క రాతి మీద కూర్చున్నది.

ఆ స్పీడ్ బ్రేకర్ వేయించమని పంచాయతీకి అర్జీ వ్రాసినవాణ్ణి కూడా నేనే. నేను ఆ బళ్ళో పనిచేస్తున్న రోజులలో ఆరో తరగతి పిల్లవాణ్ణి ఇసుక లారీ గుద్దింది. ప్రాణం దక్కింది గాని కాలు దక్కలేదు. ఆ తరువాత అర్జీలు పెట్టి పెట్టి ఆ దిమ్మె సాధించాము. కారు దించుకున్న యువకులు స్పీడ్ బ్రేకర్లను నోటికి వచ్చినట్టు తిడుతుంటే నాకు కోపం వచ్చేది ఇందుకే. తిట్టడంతో ఆగితే సరే. దించిన కారు ఆ దిమ్మెను నేరుగా దాటలేదు కనుక ఏటవాలుగా దాటుతుంది. లేదా దిమ్మె అంచు అరిగి పల్లమైన చోటు వెతుక్కుంటూ రోడ్డు మార్జినులోకి పోతుంది. ఆ మార్జినులోనే కదా పిల్లలు నడిచేది! వేగం తగ్గించడానికి వేసిన దిమ్మె, దించిన కారు ధర్మమా అని, బండిని పిల్లల మీదికి మళ్ళించేదిగా మారింది. మా వాడు కూడా రెండు మార్లు అలా పోయాడని తరువాత ఒప్పుకున్నాడు.

అప్పుడు పాత స్ప్రింగులు మళ్ళీ పెట్టించాడు. ఇప్పుడు మళ్ళీ మొదలు. ఈసారి కోసిన స్ప్రింగులు కావట. ఎత్తు మార్చుకోగల కాయిలోవర్లు అట. మళ్ళీ అదే 50 మిల్లీమీటర్లు. "అప్పుడు సరుకు చెడ్డది మామయ్యా, ఎత్తు చెడ్డది కాదు" అంటాడు. కాదు నాయనా, చెడ్డది ఆ ఎత్తే. అది చెప్పడానికి మా బళ్ళో భౌతికశాస్త్రం చెప్పిన మిత్రుణ్ణి ప్రక్కన కూర్చోబెట్టుకొని లెక్క వేశాను. అంకెలు నేర్చుకోవడం పండితుడికి నిషిద్ధం కాదు. ప్రస్తారం వేసినవాడికి లెక్క భయం ఉండదు.

వాళ్ళ వాదంలోని సత్యం ముందు చెబుతాను. కారు మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రాల మీది బరువు కొంత బయటి చక్రాల మీదికి పోతుంది. అలా పోయే బరువు గరిమనాభి ఎత్తును బట్టి పెరుగుతుంది, కుడి ఎడమ చక్రాల నడుమ వెడల్పును బట్టి తగ్గుతుంది. ఒక వైపు చక్రాల మీద బరువు ఎక్కువైతే ఆ టైర్ల పట్టు అదే నిష్పత్తిలో పెరగదు కనుక, మొత్తం మీద నాలుగు టైర్ల పట్టు తగ్గుతుంది. కాబట్టి గరిమనాభిని దించడం మేలే. ఎంత మేలు? 1,100 కిలోల కారు, గరిమనాభి 540 మి.మీ. ఎత్తున, చక్రాల నడుమ వెడల్పు 1,460 మి.మీ., మలుపులో ప్రక్కకు లాగే బలం కారు బరువులో తొమ్మిది పదోవంతులు అనుకోండి. బయటికి పోయే బరువు సుమారు 366 కిలోలు. 50 మి.మీ. దించితే 332. 25 దించితే 349. ఇవి ఊహాంకెలే గాని ఇటువంటి చిన్న కార్లకు దూరమైనవి కావు. అంటే చూపుకు అంత భయంకరంగా దించిన కారుకు దక్కేది 34 కిలోలు, నూటికి తొమ్మిది. అందులో సగం దించితే సగం దక్కుతుంది. లాభం ఇక్కడ తిన్నగా, నిదానంగా పెరుగుతుంది. నష్టం అలా పెరగదు.

ఆ నష్టమేమిటో చూడండి. పోలో ముందు చక్రాలకు మాక్‌ఫర్సన్ స్ట్రట్ అనే ఏర్పాటు ఉంది. మన దేశంలో చిన్న కార్లు దాదాపు అన్నిటికీ ఇదే. చక్రాన్ని క్రిందివైపు ఒక అడ్డచేయి పట్టుకుంటుంది. కంపెనీ ఎత్తులో ఆ చేయి ఇంచుమించు నేలకు సమాంతరంగానో, చక్రం వైపు కొంచెం వాలుగానో ఉంటుంది. కారు దిగితే చేయి చక్రం వైపు పైకి లేస్తుంది. మలుపులో కారు ప్రక్కకు ఒరిగేటప్పుడు ఒక బిందువు చుట్టూ ఒరుగుతుంది. దానిని ఒరుగు కేంద్రం అందాం. అడ్డచేయి కోణం మారడంతో ఈ కేంద్రం, కారు దిగినదాని కంటె ఎక్కువగా దిగిపోతుంది. కారును ఒరగదోసేది గరిమనాభికీ ఈ కేంద్రానికీ నడుమ ఉన్న దూరం. గరిమనాభి 540 నుంచి 490కి వచ్చింది, సరే. ఒరుగు కేంద్రం 80 మి.మీ. ఎత్తు నుంచి నేలకు 10 మి.మీ. దిగువకు పోయిందనుకోండి. నడుమ దూరం 460 నుంచి 500 అయింది! కారును దించి, అది మరింత ఒరగడానికి మనమే మీట పొడవు పెంచి ఇచ్చాము. ఈ మాట నేను చెబితే మా వాడు నవ్వాడు. గీసి చూపిస్తే నవ్వు ఆగింది. పొడవైన బాల్ జాయింట్లు వేసి చేయి కోణం సరిచేసే మార్గం ఉంది. అది మరొక ఖర్చు, మరొక బేరం. దించినవాళ్ళలో అది వేయించేవాళ్ళు తక్కువ.

దానితోపాటు స్టీరింగు కడ్డీ కోణం మారి, గతుకు తగిలినప్పుడల్లా చక్రం తనంతట తాను కొంచెం మళ్ళుతుంది. వంద దాటిన వేగంలో బ్రేకు వేస్తూ గతుకు దాటేటప్పుడు అది ఏమి చేస్తుందో నడిపేవాడిని అడగండి. చక్రాల టో తప్పి టైర్లు లోపలివైపు అరుగుతాయి. డ్రైవ్ షాఫ్టుల కీళ్ళు వంకరలో తిరుగుతూ ఉంటాయి.

అన్నిటికంటె ముఖ్యమైనది స్ప్రింగుకు మిగిలే ప్రయాణం. ఈ ఒక్క పేరా చదివి తక్కినదంతా వదిలేసినా నాకు సంతోషమే. నిలిచి ఉన్న స్థితి నుంచి చక్రం పైకి పోయి, బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మెకు తగిలేలోపల 80 మి.మీ. చోటు ఉన్నదనుకుందాం. కారును 50 దించితే, షాక్ అబ్జార్బరు మార్చకపోతే, మిగిలేది 30. కారు మూడు డిగ్రీలు ఒరిగితే చాలు, బయటి చక్రం దాదాపు 38 మి.మీ. లోపలికి నొక్కుకుంటుంది. అంటే మలుపు నడుమనే స్ప్రింగు పని ముగిసి కారు రబ్బరు దిమ్మె మీద కూర్చుంటుంది. ఆ క్షణాన స్ప్రింగు స్థానంలో ఇంచుమించు ఇనుపకడ్డీ ఉన్నట్టే. టైరు పట్టు జారుతుంది. ముందు చక్రానికి అలా జరిగితే కారు తిరగక తిన్నగా పోతుంది. వెనుక చక్రానికి జరిగితే తోక తిరుగుతుంది. నిరుడు ఇరుంగాట్టుకోట్టైలో నేను కంచె అవతల నిలబడి చూశాను. కడుపు నేలకు రాసుకుపోయే కార్లు మలుపులో నిలకడ లేక ఎగిరెగిరి పడుతుంటే, పొడుగ్గా, ప్రక్కకు ఒరుగుతూ, చూడడానికి ఎబ్బెట్టుగా ఉన్న ఒక పాత స్విఫ్టు మంచి టైర్లతో వాటిని దాటుకుంటూ పోయింది. బళ్ళో ఆటల పోటీలకు వాడిన స్టాప్‌వాచ్ నా జేబులోనే ఉంది. చూసిందే కాక కొలిచాను కూడా.

"గట్టి స్ప్రింగులు వేస్తే కారు ఒరగదు, నొక్కుకోదు" అన్నది వాడి తరువాతి వాదం. నిజమే. ఎంత గట్టివి కావాలి? గతుకులో వచ్చే శక్తిని స్ప్రింగు తన ప్రయాణంలో మింగాలి. మింగే శక్తి గట్టిదనాన్ని బట్టి, ప్రయాణం వర్గాన్ని బట్టి ఉంటుంది. 80 మి.మీ. చోటు 60 అయితే, అంతే శక్తిని మింగడానికి స్ప్రింగు సుమారు 1.8 రెట్లు గట్టిది కావాలి. చోటు 30 అయితే ఏడు రెట్లు. షాక్ అబ్జార్బరూ, రబ్బరు దిమ్మే కొంత పంచుకుంటాయి కనుక ఈ లెక్క ముతకది. కాని దాని దిశ తప్పదు. ఏడు రెట్ల గట్టి స్ప్రింగులతో చెన్నై నుంచి మా ఊరికి మా అక్క రాగలదా? వాడు రాగలడా? లాభం నిదానంగా పెరుగుతుంది, నష్టం ఇలా వర్గమై పెరుగుతుంది. గ్రైండరుతో కోసిన స్ప్రింగు సంగతి మరీ అన్యాయం. ఆరు చుట్లలో ఒకటి కోస్తే గట్టిదనం నూటికి ఇరవై పెరుగుతుంది, అంతే. కారు మాత్రం 50 దిగుతుంది. పైగా చక్రం పూర్తిగా వ్రేలాడినప్పుడు పొట్టి స్ప్రింగు తన గూటిలో వదులై ప్రక్కకు జారవచ్చు. గ్యాసు మంటతో కాల్చి దించేవారు కూడా ఉన్నారు. ఉక్కు పదును పోయాక అది స్ప్రింగు కాదు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది: నిలకడ ఎత్తు మనం ఎంచుకొనే అంకె కాదు, లెక్కలో తేలే అంకె. వీపు ఓర్చుకోగల స్ప్రింగు గట్టిదనం ముందు నిర్ణయించు. ఆ స్ప్రింగుకు ఎంత ప్రయాణం కావాలో చూడు. ఆ ప్రయాణం మిగలగా ఎంత దిగవచ్చునో అంతే దిగు. మా వాడు దీనిని తలక్రిందులుగా చేస్తున్నాడు. మడ్‌గార్డ్ అంచు చూసి ఎత్తు నిర్ణయించి, దానికి సరిపోయే సమర్థనలు వెతుకుతున్నాడు. ప్రాస కుదిరే మాట ముందు వేసుకొని అర్థం తరువాత వెతికే కవులను నేను చాలామందిని చూశాను.

"ఫార్ములా వన్ కార్లు చూడండి, నేలకు ఎంత దగ్గరగా ఉంటాయో" అంటారు వీళ్ళు. ఆ కార్ల అడుగు నునుపైన పలక. దాని క్రింద పోయే గాలి కారును నేలకు పీల్చుతుంది. అవి నేలకు దగ్గరగా ఉండేది ముఖ్యంగా ఆ గాలి కోసం. మా వాడి కారు అడుగున సైలెన్సరు గొట్టమూ, ఆయిల్ చాంబరూ తప్ప గాలికి పనికివచ్చేది ఏమీ లేదు. పోనీ, ఆ మహామహులకైనా ఎత్తు సులభంగా లొంగిందా? 2022లో అక్కడ నియమాలు మారి కార్లు మరీ దిగినప్పుడు తిన్నని రోడ్డు మీద కూడా ఎగిరెగిరి పడ్డాయి; ఆ జూన్‌లో బాకూ పందెం తరువాత హామిల్టన్ నడుము పట్టుకొని కారు దిగవలసి వచ్చింది. 2023 అక్టోబరులో అమెరికాలోని ఆస్టిన్‌లో రెండవ స్థానంలో వచ్చిన హామిల్టన్‌నూ, ఆరవ స్థానంలో వచ్చిన లెక్లెర్‌నూ పోటీ నుంచి తొలగించారు. కారు అడుగున ఉండే 10 మి.మీ. మందపు పలక 9 మి.మీ. కంటె పలచగా అరిగిందన్నది కారణం. అన్ని వందల మంది ఇంజనీర్లున్న చోట ఒక మిల్లీమీటరు దగ్గర పొరబడ్డారు. మన గ్యారేజీలో గ్రైండరు పట్టిన కుర్రవాడు 50 మిల్లీమీటర్లు కంటిచూపుతో తేల్చేస్తున్నాడు!

అందం కోసమే దించుతామని ఒప్పుకునేవారితో నాకు తగవు లేదు. అమెరికాలో, కాలిఫోర్నియాలోని మెక్సికన్ కుటుంబాల వారు లోరైడర్లని కార్లను దించి, రంగులు వేసి, నెమ్మదిగా ఊరేగిస్తారు. అది ఒక కళ. వాళ్ళు మలుపులో వేగం పెరుగుతుందని బొంకరు.

ఇక రోడ్డు సంగతి. కారు దించేవాళ్ళూ, వద్దనేవాళ్ళూ ఇద్దరూ కొలవనిది ఒకటి ఉంది: స్పీడ్ బ్రేకరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, పొడవు 3.7 మీటర్లు, వంపు 17 మీటర్ల వ్యాసార్ధం. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి. ముందు వెనుక చక్రాల నడుమ దూరం 2.47 మీటర్లున్న మా వాడి కారు సరిగ్గా దాని నడిమీద నిలిచినప్పుడు, నాలుగు చక్రాలూ వంపు మీదనే ఉంటాయి. చక్రాల మట్టం కంటె దిమ్మె శిఖరం పైకి పొడుచుకొని వచ్చేది లెక్క ప్రకారం 45 మి.మీ. మాత్రమే. నేల ఎడము 100 ఉన్న కారైనా హాయిగా దాటుతుంది. నియమం ప్రకారం వేసిన స్పీడ్ బ్రేకరుకు కడుపు తగలదు.

మరి మన ఊళ్ళలో ఉన్నవి? టేపు తీసుకొని మా ఇంటి నుంచి జాతీయ రహదారి దాకా తొమ్మిది స్పీడ్ బ్రేకర్లను కొలిచాను. మునిసిపాలిటీ నుంచి వచ్చారా అని ఒకరు, రోడ్డు వెడల్పు చేస్తున్నారా అని ఒకరు అడిగారు. ఒకాయన భయపడి మెట్లు కూలగొడతారా అన్నాడు. తొమ్మిదింటిలో ఒక్కటీ ప్రమాణానికి దగ్గరగా లేదు. మా బడి ముందుది ఎత్తు 115 మి.మీ., వెడల్పు 80 సెంటీమీటర్లు. అంత ఇరుకైన దిమ్మెకు రెండు జతల చక్రాలూ చెరొక వైపు దిగిపోతాయి కనుక 115కి 115 కడుపుకు ఎదురుగా నిలుస్తుంది. ఇది నేను అర్జీ పెట్టి వేయించిన దిమ్మె. ప్రమాణం ఉన్నదని నాకు ఆనాడు తెలియదు. తెలిస్తే అర్జీలో ఆ కొలతలు కూడా వ్రాసేవాణ్ణి. ఇప్పుడు మళ్ళీ అర్జీ పెట్టాను.

పోలో నేల ఎడము ఎవరూ ఎక్కనప్పుడు 165 మి.మీ. ప్రాంతం. నలుగురు ఎక్కి సామాను వేస్తే ముందువైపు 28 దిగింది, కొలిచాను. మిగిలింది 137. దిమ్మెకు 22 పైన. కోసిన స్ప్రింగులతో? 165లో 50 పోయి, బరువుకు మరొక 23 పోయి, మిగిలింది 92. దిమ్మె కంటె 23 తక్కువ. ఆ రాత్రి జరిగినది దురదృష్టం కాదు, తీసివేత. 20 మాత్రమే దించి, 1.8 రెట్లు గట్టి స్ప్రింగులు వేస్తే బరువుకు 16 దిగుతుంది, మిగిలేది 129. దిమ్మెకు 14 పైన. నడక వేగంతో, నేరుగా, రోడ్డు నడిమీదుగా దాటవచ్చు. మా వాడి కారుకు లెక్కలో తేలిన అంకె 20. మీ కారుకు మరొకటి తేలవచ్చు.

"ట్రాక్‌కు పోయే ముందు దించుతాను, వచ్చాక ఎత్తుతాను, కాయిలోవరు ఉన్నది అందుకే కదా" అన్నది వాడి ఆఖరి ఆయుధం. ఎత్తు మారిస్తే టో, క్యాంబరు రెండూ మారతాయి. మార్చిన ప్రతిసారీ వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. ఆదివారం సాయంత్రం అలసిపోయి, సోమవారం ఆఫీసు పెట్టుకొని నాలుగు చక్రాలూ విప్పి ఎత్తేవాడు ఎవడు? పైగా చౌక కాయిలోవర్లలో ఎత్తు మార్చడమంటే స్ప్రింగు క్రింది పళ్ళెం జరపడమే. దించిన కొద్దీ ప్రయాణం పోతుంది. ప్రయాణం పోకుండా ఎత్తు మార్చే రకం వేరే ఉంది, దాని ధర కూడా వేరే.

చట్టం మాట క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేటట్టు వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానిని గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. 20 మిల్లీమీటర్ల స్ప్రింగుకైనా ముందుగా ఆర్.టి.ఓ. కార్యాలయంలోనూ, బీమా వారి వద్దనూ వ్రాతపూర్వకంగా అడగమన్నాను. గొణుగుతూ సరేనన్నాడు.

నా ఈడువాళ్ళకు కూడా ఒక మాట. "కంపెనీవాడికి తెలియదా, ఉన్నది ఉన్నట్టు ఉంచు" అని మీరంతా తీర్పు చెప్పేశారు. కంపెనీవాడికి తెలిసినది మీ మేనల్లుడి అవసరం కాదు. అయిదుగురు ఎక్కి, డిక్కీ నింపి, దేశంలో ఏ మూల గుంటల రోడ్డులోనైనా పోగల కారు వాడికి కావాలి. విదేశీ సంస్థలు చాలా కార్లను మన రోడ్ల కోసం కొంత ఎత్తు పెంచే తెస్తాయి. అలా ఎత్తిన దానిని, లెక్క చూసుకొని, కొంత దించుకోవడం పాపం కాదు. తెలియని విషయాన్ని వద్దనడం పెద్దరికమని మనం అనుకుంటున్నాము. దాని ఫలితంగా పిల్లలు మనల్ని అడగడం మాని గ్రైండరు కుర్రవాణ్ణి అడుగుతున్నారు.

వాడి దగ్గర ఉన్న డబ్బుతో నేనైతే ఏమి చేస్తానో వ్రాసి ఇచ్చాను. మొదట మంచి టైర్లు. పట్టు పుట్టేది అక్కడే. తరువాత వేడికి ఓర్చే బ్రేకు ప్యాడ్లు, క్రొత్త బ్రేకు ఆయిల్. ఆ తరువాత మంచి షాక్ అబ్జార్బర్లు, వాటికి తగిన స్ప్రింగులు. క్యాంబరు వీలైనంత సరిచేయించడం. 20 మిల్లీమీటర్లు ఆ స్ప్రింగులతోపాటు వాటంతటవే వస్తాయి. మడ్‌గార్డ్ క్రింద రెండు వ్రేళ్ళ ఎడం మిగులుతుంది. ఫొటోకు బాగుండదు.

ఈ శనివారం వాడు వస్తున్నాడు. టేపు, సుద్దముక్క, స్టాప్‌వాచ్ బల్ల మీద పెట్టి ఉంచాను. మా అక్కను వెనుక సీటులో కూర్చోబెట్టి బడి దాకా పోయి మళ్ళీ కొలవాలని ఏర్పాటు; ఆమె "మీ ఇద్దరికీ పని లేదు, నన్ను ఎందుకు రా మధ్యలో" అంటున్నది. ఒప్పించాలి. యతిభేదాలు పై వారం.